ఓడిన మనిషి, గెలిచిన మాట
(స్మారకోపన్యాసం: జార్జ్ వాలెస్ రాజకీయ జీవితం)



స్మారకోపన్యాసమంటే మామూలుగా మహనీయుల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ నేను ఎంచుకున్న మనిషి ఆ కోవలోకి రాడు. అమెరికాలో అలబామా రాష్ట్రానికి నాలుగు సార్లు గవర్నరుగా ఎన్నికై, నాలుగు సార్లు దేశాధ్యక్ష పదవికి పోటీపడి, ఆ నాలుగు సార్లూ ఓడిపోయిన జార్జ్ వాలెస్ గురించి మాట్లాడబోతున్నాను. ఎవరి స్మారకంగా ఈ సభ పెట్టుకున్నామో ఆ మాస్టారు మాకు రాజనీతిశాస్త్రం చెప్పే రోజుల్లో, ఎన్నికల ఫలితాలు చూసి పుస్తకం మూసేయకండి అనేవారు. ఓడినవాడి మాటలు గెలిచినవాడి నోట ఎప్పుడు మొదలయ్యాయో వెతకమనేవారు. అలా వెతికితే, ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అమెరికా రాజకీయాన్ని వాలెస్ మార్చినంతగా మార్చిన పరాజితుడు మరొకడు నాకు కనిపించలేదు.

విద్యార్థుల కోసం ఒక వివరం చెప్పి ముందుకు వెళతాను. అమెరికాలో గవర్నరంటే మన దగ్గర ఉండే గవర్నరు లాంటివాడు కాదు. ప్రజలు నేరుగా ఎన్నుకునే పాలకుడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. రాష్ట్ర పోలీసులు, రోడ్లు, బళ్ళు ఆయన మాట మీద నడుస్తాయి.

వాలెస్ 1919 ఆగస్టు 25న అలబామా ఆగ్నేయ మూల బార్బర్ కౌంటీలో, క్లియో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పత్తి పండించే నేల అది. అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది ఆ ఓటమిని తాత నుంచి మనవడికి ఆస్తిలా అప్పగిస్తున్న కాలం. ఉత్తరాది వాళ్ళు మనల్ని మోటువాళ్ళుగా చూస్తారు, మన పత్తికి ధర వాళ్ళే కడతారు, మన రైలు ఛార్జీలు వాళ్ళే నిర్ణయిస్తారు అన్న కోపం ఆ పల్లెల్లో ప్రతి అరుగు మీదా వినిపించేది. ఆ కోపంలో అబద్ధం లేదు. పేద తెల్లరైతు బతుకు నిజంగానే దుర్భరంగా ఉండేది. వాలెస్‌ని అర్థం చేసుకోవాలంటే ఈ బాధ నిజమైనదని ముందు ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోనివాళ్ళు ఆయన్ని కేవలం ఒక దుర్మార్గుడిగా చూసి తీసిపారేశారు. అందుకే ఆయన అన్ని ఓట్లు ఎలా తెచ్చుకున్నాడో వాళ్ళకి చివరిదాకా అంతుపట్టలేదు.

కుర్రవాడు మంచి బాక్సరు. 1936, 1937 సంవత్సరాల్లో రాష్ట్ర గోల్డెన్ గ్లోవ్స్ పోటీల్లో బాంటమ్‌వెయిట్ విజేత. 1942లో అలబామా విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా. రెండో ప్రపంచ యుద్ధంలో బి-29 బాంబరు విమానంలో ఫ్లైట్ ఇంజనీరుగా జపాన్ మీదికి వెళ్ళాడు. తిరిగొచ్చి 1946లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యాడు.

అప్పుడు అలబామా గవర్నరు జిమ్ ఫోల్సమ్. తాడిచెట్టంత మనిషి. పల్లెపల్లెకీ పాటల బృందాన్ని వెంటేసుకుని తిరిగి, మట్టిరోడ్ల మీద తారు వేయిస్తానని ఓట్లడిగి గెలిచినవాడు. 1949 క్రిస్మస్ రేడియో ప్రసంగంలో ఆయన, నల్లవాళ్ళని అవకాశాలు లేకుండా అణచి ఉంచినంత కాలం మిగతా పేదలు కూడా వాళ్ళ పక్కనే అణగి పడి ఉంటారు అని చెప్పాడు. 1949లో, అలబామాలో, పదవిలో ఉన్న తెల్లజాతి నాయకుడు ఆ మాట అన్నాడు! పేదల పక్షాన మాట్లాడే రాజకీయానికి ద్వేషం తప్పనిసరి కాదు అనడానికి నాకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. వాలెస్ ఆ ఫోల్సమ్ శిష్యుడు. నల్లవాళ్ళ విద్యాసంస్థ టస్కీగీకి ధర్మకర్తగా వెయ్యమని గురువుని అడిగి వేయించుకున్నాడు. 1948లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ నుంచి, పౌరహక్కుల తీర్మానానికి నిరసనగా అలబామా ప్రతినిధుల్లో సగం మంది లేచి వెళ్ళిపోతే ఆయన వెళ్ళలేదు. తీర్మానం ఆయనకీ ఇష్టం లేదు, అయినా పార్టీలోనే ఉన్నాడు.

1953 నుంచి 1959 దాకా జిల్లా స్థాయి జడ్జీగా చేశాడు. జె. ఎల్. చెస్ట్‌నట్ అనే నల్లజాతి లాయరు తర్వాత చెప్పిన మాట ఒకటుంది. తాను వాదించిన జడ్జీలందరిలోకీ వాలెసే ఉదారుడట. కోర్టులో తనని మొట్టమొదట ‘మిస్టర్’ అని పిలిచిన జడ్జీ ఆయనేనట. నల్లజాతి లాయర్లని పేరుపెట్టి, లేదా ‘ఒరే’ అన్న ధోరణిలో పిలిచే కోర్టుల్లో ఆ పిలుపుకి ఎంత విలువ ఉందో మన తాతల కాలం ఎరిగినవాళ్ళకి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

1958లో వాలెస్ గవర్నరు పదవికి పోటీచేశాడు. దక్షిణాదిలో డెమొక్రాటిక్ పార్టీ లోపలి పోటీయే అసలు ఎన్నిక. ప్రత్యర్థి జాన్ ప్యాటర్సన్, రాష్ట్ర అటార్నీ జనరల్‌గా నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి.ని అలబామాలో పనిచేయకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చినవాడు. ప్యాటర్సన్ వెనక తెల్లజాతి ఆధిపత్య సంస్థ కూ క్లక్స్ క్లాన్ నిలబడింది. వాలెస్‌కి ఎన్.ఎ.ఎ.సి.పి. మద్దతిచ్చింది. వాలెస్ ఓడిపోయాడు. జాతి పేరు చెప్పి మరొకడు తనకంటే రెచ్చిపోతే ఇక ఊరుకునేది లేదని ఆ రాత్రి ఆయన ఒక నీచమైన తిట్టుమాట వాడి శపథం చేశాడంటారు. ఆయన తర్వాత కాదన్నాడు. ఆ మాట నిజమైనా కాకపోయినా, ఆయన చేసిన పని ఆ మాటకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మొదట్లో బళ్ళు, రోడ్లు, పన్నుల గురించి చెబితే ఎవరూ చెవిన పెట్టలేదనీ, నల్లవాళ్ళ గురించి మొదలెట్టగానే జనం నేల అదిరేలా కాళ్ళు తట్టారనీ ఆయన అన్నట్టు జీవితచరిత్ర రాసిన డాన్ కార్టర్ నమోదు చేశాడు.

వాలెస్ విషయంలో నా అభియోగం ఇక్కడ మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి విన్నదే నమ్మి ద్వేషించినవాడు వేరు. వాలెస్ అలాంటివాడు కాదు. నల్లజాతి లాయరుని ‘మిస్టర్’ అని పిలవడం తెలిసినవాడు. ఫోల్సమ్ బాట కళ్ళెదుట చూసినవాడు. ఓటమి ఎదురయ్యాక, బాగా ఆలోచించుకుని, ద్వేషాన్ని ఒక పనిముట్టుగా ఎంచుకున్నాడు. ఆయన మనసులో నిజంగా ద్వేషం లేదు కదా అని వెనకేసుకొచ్చేవాళ్ళున్నారు. నా దృష్టిలో అది ఆయన నేరాన్ని పెంచేదే.

1959 జనవరిలోనే ఆ కొత్త పాత్రకి రిహార్సల్ జరిగింది. ఓటర్ల నమోదు పుస్తకాలు పౌరహక్కుల కమిషన్‌కి ఇవ్వమని ఫెడరల్ జడ్జీ ఫ్రాంక్ జాన్సన్ ఆదేశించాడు. జాన్సన్ లా కాలేజీలో వాలెస్ సహాధ్యాయి. వాలెస్ బయటికి ససేమిరా అన్నాడు, లోపల గ్రాండ్ జ్యూరీల చేతిలో పుస్తకాలు పెట్టి కమిషన్‌కి అందేలా చేశాడు. కోర్టు ధిక్కారం కింద జైలుకెళ్ళి వీరుడవుదామనుకుంటే, ఈయన దొడ్డిదారిన పుస్తకాలు ఇచ్చేశాడు కాబట్టి ధిక్కారం లేదని జాన్సన్ తీర్పు చెప్పాడు. అయినా జనానికి గుర్తున్నది ఎదిరించినవాడిగానే. 1962లో ఆయన గెలిచాడు.

1963 జనవరి 14న మాంట్‌గోమరీలో, ఒకప్పుడు జెఫర్సన్ డేవిస్ బానిసత్వ రాష్ట్రాల అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన చోటే నిలబడి, వాలెస్ ప్రమాణస్వీకార ప్రసంగం చేశాడు. వేర్పాటు ఇప్పుడు, వేర్పాటు రేపు, వేర్పాటు ఎప్పటికీ అని, అంటే నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ వేరుగా ఉంచడం సాగుతుందని, లోకమంతా వినేలా అరిచాడు. ఆ ప్రసంగం రాసింది ఏసా కార్టర్ అనే క్లాన్ మనిషి. ఈ కార్టరే తర్వాత ఫారెస్ట్ కార్టర్ అని పేరు మార్చుకుని, చెరోకీ తెగ పిల్లవాడి ఆత్మకథలా కనిపించే ‘ది ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ’ రాశాడు. దాన్ని లక్షలమంది ప్రేమగా చదివారు. అంతకుముందు 1970లో, వాలెస్ మెత్తబడ్డాడని తిడుతూ, ఆయన మీదే గవర్నరు పదవికి పోటీచేసి ఘోరంగా ఓడిపోయాడు. తాను లేపిన మూకకి వాలెస్ కూడా చాలలేదన్నమాట.

మళ్ళీ 1963కి వస్తే, ఆ జూన్ 11న టస్కలూసాలో జరిగింది మీలో చాలామంది ఫోటోల్లో చూసే ఉంటారు. అలబామా విశ్వవిద్యాలయంలో చేరడానికి వివియన్ మాలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు వచ్చారు. ఫాస్టర్ ఆడిటోరియం గుమ్మంలో గవర్నరు అడ్డంగా నిలబడ్డాడు. ఫెడరల్ ప్రభుత్వం తరఫున డిప్యూటీ అటార్నీ జనరల్ నికొలస్ కాట్జెన్‌బాక్ వచ్చి తప్పుకోమన్నాడు. వాలెస్ రాష్ట్రాల హక్కుల మీద రాసుకొచ్చిన కాగితం చదివాడు. మధ్యాహ్నానికి అధ్యక్షుడు కెనెడీ, అలబామా నేషనల్ గార్డ్‌ని తన అధీనంలోకి తీసుకున్నాడు. అలబామా వాడే అయిన జనరల్ గ్రాహమ్ వచ్చి తప్పుకోండి సార్ అనగానే వాలెస్ పక్కకి జరిగాడు. పిల్లలిద్దరూ లోపలికెళ్ళి పేర్లు నమోదు చేయించుకున్నారు. ఎవరు ఎక్కడ నిలబడాలో నేల మీద ముందే గీతలు గీసి ఉన్నాయి. ఎదురుగా టీవీ కెమెరాలున్నాయి.

అంటే ఆయన ఓడిపోయాడు. కానీ ఆ తర్వాత వారంలో ఆయనకి లక్షకు పైగా ఉత్తరాలూ టెలిగ్రాములూ వచ్చాయనీ, దాదాపు అన్నీ అభినందనలేననీ, సగానికి మించి దక్షిణాది బయటి నుంచి వచ్చినవేననీ డాన్ కార్టర్ రాశాడు. ఆ ఉత్తరాల సంచులు చూసుకున్న రోజే వాలెస్ చూపు ఉత్తరాది వైపు తిరిగింది. మూడు నెలలకి, సెప్టెంబరు 15న, బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్టు చర్చిలో క్లాన్ మనుషులు పెట్టిన బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ బాంబు వాలెస్ పెట్టలేదు. కానీ గవర్నరే గుమ్మంలో నిలబడి చట్టాన్ని ఎదిరించడం గౌరవమని చూపించిన రాష్ట్రమది. మార్టిన్ లూథర్ కింగ్ ఆ పిల్లల రక్తం మీ చేతుల మీద ఉందని ఆయనకి టెలిగ్రాం కొట్టాడు. కింగ్ మాట అతిశయోక్తి అని నేను అనుకోను.

మనం రాష్ట్రాల హక్కుల మాట వినగానే సానుభూతితో తల ఊపుతాం. ఢిల్లీ పెత్తనం ఎరిగినవాళ్ళం కనుక అది సహజం. కానీ ఏ హక్కు, ఎవరి మీద చెలాయించడానికి అని అడక్కుండా ఆ సానుభూతి ఇవ్వకూడదు. వాలెస్ అడిగింది తన రాష్ట్రంలోని మూడో వంతు జనాన్ని ఓటు పెట్టె దగ్గరికి రానివ్వని హక్కు.

1964లో ఆయన డెమొక్రాటిక్ ప్రైమరీల్లో, అంటే అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికల్లో, ఉత్తరాదిన దిగాడు. విస్కాన్సిన్‌లో మూడో వంతు ఓట్లు, ఇండియానాలో సుమారు 30 శాతం, మేరీల్యాండ్‌లో 43 శాతం దాకా వచ్చాయి. మిల్వాకీలో పోలిష్, సెర్బియన్ వలస కుటుంబాల కార్మికులు ఆయన సభలకి కిక్కిరిసి వచ్చారు. ఉక్కు కార్ఖానాల ఊళ్ళలో తెల్లజాతి కార్మికులు ఆయనకి ఓటేశారు. అదే ఏడాది మే నెలలో, హైదరాబాదుతో ఎంతో అనుబంధమున్న మన రామమనోహర్ లోహియా పక్క రాష్ట్రం మిసిసిపీలోని జాక్సన్‌లో తెల్లవాళ్ళకు మాత్రమే తిండి పెట్టే హోటల్లోకి వెళ్ళబోయి అరెస్టయ్యాడు. ఖాదీ ధోవతిలో ఉన్న ఆ పెద్దమనిషి తెల్లవాడు కాదు కనుక బయటే ఉండాలన్నది అక్కడి న్యాయం. అమెరికా ప్రభుత్వం తర్వాత క్షమాపణ చెప్పుకుంది.

1965 మార్చి 7. సెల్మాలో ఎడ్మండ్ పెటస్ వంతెన మీద, ఓటు హక్కు కోసం నడిచి వెళుతున్న ఆరువందల మందిని వాలెస్ రాష్ట్ర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చావబాదారు. జాన్ లూయిస్ అనే ఇరవై అయిదేళ్ళ యువకుడి పుర్రె పగిలింది. ఆరు రోజులకి వాలెస్ వైట్‌హౌస్‌కి వెళ్ళాడు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆయన్ని సోఫాలో కూలేసి, తాను ఎదురుగా ఎత్తయిన కుర్చీలో ముందుకి వంగి కూర్చుని అడిగిన ప్రశ్నని, అక్కడే ఉన్న రిచర్డ్ గుడ్విన్ తర్వాత రాశాడు. నువ్వు పోయాక పెద్ద పాలరాతి ఫలకం మీద ‘జార్జ్ వాలెస్, కట్టాడు’ అని ఉండాలా, గతుకుల నేలలో పాతిన చిన్న చెక్క మీద ‘జార్జ్ వాలెస్, ద్వేషించాడు’ అని ఉండాలా అన్నది ఆ ప్రశ్న సారాంశం. వాలెస్ బయటికొచ్చి, ఇంకాసేపు ఉంటే నా చేతే పౌరహక్కుల పాట పాడించేవాడు అన్నట్టు చెబుతారు. ఆ ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది. అక్టోబరు 3న అదే కాంగ్రెసు చేసిన వలస చట్టం మీద కూడా జాన్సన్ సంతకం పెట్టాడు. అప్పటిదాకా భారతదేశం నుంచి ఏడాదికి నూరుమందికే కోటా. గుంటూరు వైద్య కళాశాల నుంచీ, కాకినాడ, వరంగల్ ఇంజనీరింగు కళాశాలల నుంచీ పిల్లలు అమెరికా విమానాలెక్కడానికి తలుపు తెరిచింది ఆ చట్టం. సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్నవాళ్ళు దేశం మనసు మార్చి ఉండకపోతే ఆ చట్టం ఆ ఏడు వచ్చేది కాదని చరిత్రకారులు చాలామంది అంటారు. అట్లాంటాలో, హంట్స్‌విల్‌లో ఉన్న మన పిల్లలకి ఈ సంగతి తెలియాలని నా కోరిక.

లర్లీన్ వాలెస్ గురించి చెప్పకుండా ఈ కథ ముందుకి నడవదు. అప్పటి అలబామా రాజ్యాంగం ప్రకారం గవర్నరు వెంటనే రెండోసారి పోటీ చేయకూడదు. నిబంధన మార్చడానికి రాష్ట్ర సెనేట్ ఒప్పుకోలేదు. 1966లో వాలెస్ భార్యని నిలబెట్టి గెలిపించాడు. ఆమెకి కేన్సర్ సూచనలున్నాయని వైద్యులు 1961లోనే భర్తకి చెప్పారు. ఆమెకి చెప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత వేరే వైద్యుడి ద్వారా ఆమెకి తెలిసింది. ఆపరేషను, రేడియేషను అయ్యాక, ఆ శరీరంతోనే ఎన్నికల సభలు తిరిగింది. గవర్నరయ్యాక 1967లో రాష్ట్ర మానసిక వైద్యశాల బ్రైస్‌నీ, మతి ఎదగని పిల్లల ఆశ్రమం పార్ట్‌లోనీ చూడ్డానికి వెళ్ళింది. అక్కడి మురికి, కిక్కిరిసిన గదులు చూసి కన్నీళ్ళు పెట్టుకుని, శాసనసభ ముందు నిలబడి డబ్బు అడిగి సాధించింది. భర్త నీడలో పదవికొచ్చిన ఆ మనిషి తనంతట తాను చేసిన పని అది. 1968 మే 7న, నలభై ఒకటో ఏట చనిపోయింది. మరి కొన్ని వారాలకే వాలెస్ మళ్ళీ అధ్యక్ష ప్రచారానికి బయల్దేరాడు. కొన్నేళ్ళకి అదే బ్రైస్ ఆసుపత్రి రోగులకి కనీస వసతులు కల్పించమని జడ్జీ ఫ్రాంక్ జాన్సన్ తీర్పిస్తే, ఆ తీర్పు మీద వాలెస్ ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. ఈ ఒక్క విషయంలో ఆయన్ని నేను ఎంత ప్రయత్నించినా సానుభూతితో చూడలేకపోతున్నాను.

ఇక 1968. రెండు పెద్ద పార్టీలకీ అర్ధణా తేడా లేదంటూ సొంత పార్టీ పెట్టి, యాభై రాష్ట్రాల్లోనూ బ్యాలెట్ మీదికెక్కాడు. ఎవరికీ ఆధిక్యం రాకుండా చేసి, తన ఎలక్టోరల్ ఓట్లతో, అంటే రాష్ట్రాల వారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లతో, బేరమాడాలని పథకం. ఈ ప్రచారంలో వేర్పాటు అన్న మాట ఆయన నోట దాదాపు రాలేదు. నల్లవాళ్ళ పేరెత్తాల్సిన అవసరమే లేకుండా మాట్లాడడం నేర్చుకున్నాడు. సైకిలు కూడా తిన్నగా నిలబెట్టలేని మేధావులు, వాషింగ్టన్ గుమాస్తాలు, నేరస్థుల్ని వదిలేసే జడ్జీలు, మీ ఇల్లు ఎవరికి అమ్మాలో మీకు చెప్పే ప్రభుత్వం ఆయన తిట్ల జాబితాలో ఉండేవి. గుమాస్తాల చేతిపెట్టెలన్నీ పొటోమాక్ నదిలో విసిరేస్తానంటే సభ ఊగిపోయేది. నా కారు ముందు పడుకున్న నిరసనకారుడు మళ్ళీ ఏ కారు ముందూ పడుకోడు అంటే ఇంకా ఊగేది. గొడవ చేసేవాళ్ళని సభ నుంచి వెళ్ళగొట్టకుండా ముందు వరసలో ఉండనిచ్చేవాడు, వాళ్ళ మీద జనాన్ని ఉసిగొల్పడానికి పనికొస్తారని. వినేవాడికి ఏం వినాలో అది వినిపించేది. ఎవరైనా నిలదీస్తే, నేను జాతి మాటే ఎత్తలేదే అనడానికి వీలుండేది. ఇది ఆయన కనిపెట్టిన విద్య. తర్వాత ఎందరో దీన్ని ఆయన కంటే నాజూగ్గా వాడుకున్నారు.

సెప్టెంబరు చివర సర్వేల్లో ఆయనకి 21 శాతం దాకా కనిపించింది. అప్పుడు కార్మిక సంఘాలు కదిలి, అలబామాలో కూలి రేట్లెంతో అచ్చువేసి కార్ఖానాల గేట్ల దగ్గర పంచాయి. దానికి తోడు, ఉపాధ్యక్ష పదవికి ఆయన తెచ్చుకున్న జనరల్ కర్టిస్ లీమే, జపాన్ మీద బాంబుల దాడులు నడిపించిన ఒకప్పటి ఆయన అధికారి, మొదటి పత్రికా సమావేశంలోనే అణ్వస్త్రాల గురించి నోరుజారాడు. చివరికి 13.5 శాతం, కోటికి కాస్త తక్కువ ఓట్లు, అయిదు దక్షిణ రాష్ట్రాలు, 46 ఎలక్టోరల్ ఓట్లు. రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ గెలిచాడు.

నిక్సన్‌కి లెక్కలు బాగా తెలుసు. తనకీ డెమొక్రాటిక్ అభ్యర్థి హంఫ్రీకీ తేడా ఒక్క శాతం లోపు, వాలెస్‌కి వెళ్ళినవి 13.5. ఆ ఓట్లు తన వైపు తిప్పుకుంటే మరో పాతికేళ్ళు అధికారం తమ పార్టీదే. 1970 గవర్నరు ఎన్నికలో వాలెస్‌ని అలబామాలోనే ముగించేయాలని నిక్సన్ మనుషులు ప్రత్యర్థి ఆల్బర్ట్ బ్రూవర్‌కి రహస్యంగా నాలుగు లక్షల డాలర్లు పంపారు. వాటర్‌గేట్ విచారణలో అది బయటపడింది. వాలెస్ తన జీవితంలోకెల్లా నీచమైన జాతి ప్రచారంతో ఆ ఎన్నిక గెలిచాడు. డబ్బుతో ఓడించలేకపోయిన మనిషి మాటల్ని తీసుకోవడమే మిగిలింది. 1972 మార్చి 14న ఫ్లోరిడా ప్రైమరీలో వాలెస్, పిల్లల్ని జాతి సమతుల్యం కోసం బస్సుల్లో దూరపు బళ్ళకి పంపడాన్ని ఏకైక సమస్యగా చేసి, ప్రతి కౌంటీ గెలిచాడు. సరిగ్గా రెండు రోజులకి, మార్చి 16న, అధ్యక్షుడు నిక్సన్ టీవీలో దేశంతో మాట్లాడుతూ, అలాంటి కొత్త కోర్టు ఉత్తర్వుల్ని నిలిపివేసే చట్టం చేయమని కాంగ్రెసుని కోరాడు. మాస్టారు వెతకమన్న క్షణం ఇదే. బస్సుల పద్ధతి మీద నిజాయితీగా అభ్యంతరాలున్న తల్లిదండ్రులు, నల్లవాళ్ళతో సహా, ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ రెండు రోజుల దూరం చూడండి.

మరి ఎవరి పేరు మీద ఇదంతా నడిచిందో, ఆ పేద తెల్లరైతుకి వాలెస్ ఏం చేశాడు? న్యాయంగా చెప్పాలి. జూనియర్ కాలేజీలు, వృత్తి విద్యా కేంద్రాలు కట్టించాడు. బడిపిల్లలకి పుస్తకాలు ఉచితంగా ఇప్పించాడు. రోడ్లు వేయించాడు. అందుకు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది రెండో ప్రశ్న. అలబామాలో తిండి సరుకుల మీద కూడా అమ్మకం పన్ను పేదవాడు కట్టాడు. భూమి పన్నుకి మాత్రం ఆయన హయాంలోనే రాజ్యాంగ సవరణలతో పరిమితులు పెట్టారు. వేల ఎకరాల కలప అడవులున్న కంపెనీలు ఆ పరిమితుల చాటున సుఖంగా ఉన్నాయి. వాషింగ్టన్ గుమాస్తా మీద కోపం రగిలినంత సేపూ ఈ లెక్క అడిగేవాడు లేకపోయాడు.

1972 మే 15న మేరీల్యాండ్‌లోని లారెల్‌లో ఒక బజారు ఆవరణలో, చేయి కలపడానికి జనంలోకి వచ్చిన వాలెస్‌ని ఆర్థర్ బ్రెమర్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడు కాల్చాడు. పేరు సంపాదించుకోవడం తప్ప అతనికి రాజకీయ కారణం లేదు. అంతకుముందు నిక్సన్ వెంట తిరిగాడు. మర్నాడు వాలెస్ మేరీల్యాండ్, మిషిగన్ రెండూ గెలిచాడు. కానీ నడుము కింద చచ్చుబడింది. బతికినంత కాలం చక్రాల కుర్చీ, తెగని నొప్పి. అధ్యక్ష పదవికి అదే ఏడాది పోటీలో ఉన్న నల్లజాతి మహిళ షర్లీ చిజమ్ ఆసుపత్రికి వెళ్ళి ఆయన్ని పలకరించింది. మీవాళ్ళు ఏమంటారు అని వాలెస్ అడిగాడట. ఏమంటారో నాకు తెలుసు, కానీ నీకు జరిగింది ఎవరికీ జరగకూడదు అని ఆమె జవాబు. ఆయన బాగా ఏడ్చాడని ఆమె తర్వాత చెప్పింది. రెండేళ్ళకి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి కనీస వేతనం వర్తింపజేసే చట్టానికి దక్షిణాది సభ్యుల ఓట్లు కూడగట్టడంలో వాలెస్ తనకి సాయపడ్డాడని కూడా ఆమె చెప్పింది.

1970ల చివరినుంచి ఆయన క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు కింగ్ పాస్టరుగా ఉన్న డెక్స్టర్ అవెన్యూ చర్చికి కబురు లేకుండా వెళ్ళి, నొప్పి అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది, నన్ను క్షమించండి అన్నాడు. 1982లో మళ్ళీ గవర్నరు ఎన్నిక గెలిచాడు, ఈసారి నల్లవాళ్ళ ఓట్లు పెద్ద సంఖ్యలో పడ్డాయి. ఏ చట్టాన్ని అడ్డుకోజూశాడో ఆ చట్టం ఇచ్చిన ఓట్లవి. నల్లజాతివాళ్ళని మునుపెన్నడూ లేనంతమందిని పదవుల్లో వేశాడు. 1995లో సెల్మా నడకకి ముప్పై ఏళ్ళయిన సందర్భంగా నడిచివచ్చినవాళ్ళని చక్రాల కుర్చీలో ఎదురెళ్ళి స్వాగతించాడు, వాళ్ళ చేతులు పట్టుకున్నాడు. గుమ్మంలో అడ్డుకున్న వివియన్ మాలోన్‌కి 1996లో, వాలెస్ కుటుంబ ఫౌండేషను లర్లీన్ పేరిట ధైర్య పురస్కారం ఇచ్చింది. 1998 సెప్టెంబరు 13న వాలెస్ చనిపోతే జేమ్స్ హుడ్ అంత్యక్రియలకి వెళ్ళాడు. సెల్మాలో పుర్రె పగిలిన జాన్ లూయిస్, అప్పటికి కాంగ్రెసు సభ్యుడు, న్యూయార్క్ టైమ్స్‌లో వాలెస్‌ని క్షమించడం గురించి వ్యాసం రాశాడు.

ఆ పశ్చాత్తాపం నిజమేనా, 1982 ఓట్ల కోసం వేసిన మరో వేషమా అని ఇప్పటికీ వాదనలున్నాయి. ఎదురుగా కూర్చుని ఆయన చేయి పట్టుకున్నవాళ్ళు నమ్మారు. నేను వాళ్ళ మాటే తీసుకుంటాను. దెబ్బ తిన్నవాళ్ళు క్షమిస్తే, దెబ్బ తినని నేను అడ్డుపడడం మర్యాద కాదు. కాకపోతే వాలెస్ క్షమాపణ అడగగలిగింది తాను చేసిన పనులకి. తాను తయారుచేసి వదిలిన మాటని వెనక్కి పిలవడం ఆయన చేతిలో లేదు. అది అప్పటికే ఇతరుల నోళ్ళలో ఉంది. 1992లో ప్యాట్ బుకానన్, ఒకప్పుడు నిక్సన్ ప్రసంగాలు రాసినవాడు, సొంత పార్టీ అధ్యక్షుడి మీదే న్యూ హాంప్‌షైర్‌లో 37 శాతం ఓట్లు తెచ్చుకున్నప్పుడూ, 2016 ఎన్నికల సభల్లోనూ వాలెస్ ధోరణిని గుర్తుపట్టినవాళ్ళున్నారు. గుర్తుపట్టినవాళ్ళలో వాలెస్ సొంత కూతురు పెగీ కూడా ఉంది. ఆ పోలికలు ఎక్కడ సరిపోతాయో ఎక్కడ సరిపోవో తేల్చడానికి మరో ఉపన్యాసం కావాలి. నేను అందరికీ తెలిసిన పేర్ల కంటే ఒక కోర్టు తీర్పు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

వివియన్ మాలోన్ చెల్లెలు షారన్‌ని పెళ్ళాడిన ఎరిక్ హోల్డర్ 2009లో అమెరికాకి మొదటి నల్లజాతి అటార్నీ జనరల్ అయ్యాడు. 1963లో వివియన్ కోసం కాట్జెన్‌బాక్‌ని గుమ్మం దగ్గరికి పంపిన శాఖకే ఆమె మరిది అధిపతి. మాలోన్ అది చూడకుండానే 2005లో పోయింది. ఆ హోల్డర్ మీద అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన దావాలో 2013 జూన్ 25న సుప్రీంకోర్టు, వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్న ఓటుహక్కు చట్టం ఏర్పాటుని, అయిదుకి నాలుగు ఓట్లతో, పనికిరాకుండా చేసింది. పాత లెక్కల మీద కొన్ని రాష్ట్రాల్ని వేరుగా చూడడం రాష్ట్రాల సమానత్వానికి విరుద్ధమన్నది తీర్పు. నలభై ఏళ్ళ నాటి లెక్కలు అన్న వాదనలో బలం లేదని నేను చెప్పను. ఆ తీర్పులో ఎక్కడా ఒక్క పరుషమైన మాట లేదు.

చట్టం గుండెల్లో బాకు దించారన్నాడు జాన్ లూయిస్. వాలెస్‌ని క్షమించిన ఆయన ఈ తీర్పుతో మాత్రం రాజీపడలేదు. సెల్మాలో పెరిగిన కాంగ్రెసు సభ్యురాలు టెర్రీ సూవెల్ ఆ రక్షణని తిరిగి తెచ్చే బిల్లు ప్రవేశపెడితే, 2019 డిసెంబరులో ప్రతినిధుల సభ దాన్ని ఆమోదించిన రోజు అధ్యక్ష స్థానంలో కూర్చుని సుత్తి కొట్టింది లూయిసే. 2020 జులైలో ఆయన పోయాక ఆ బిల్లుకి ఆయన పేరు పెట్టారు. 2021లో ప్రతినిధుల సభ మళ్ళీ ఆమోదించింది. సెనేట్ దాటలేదు.